లేడీ ఎస్కార్ట్ కావలెను!

పోయిన నెల ఒక యూనివర్సిటీ క్రీడా విభాగం నుంచి నాకు ఫోన్ వచ్చింది. "మేడం, మన అమ్మాయిలు ఇంటర్ యూనివర్సిటీ అథ్లెటిక్స్‌కి వెళ్తున్నారు. రైల్లో ముప్ఫై గంటల ప్రయాణం. కోచ్‌గా సార్ ఉన్నారు. లేడీస్ ఎవరో ఒకరు వెంట ఉండాలని రూలు కదా, మీరు ఎస్కార్ట్‌గా రండి. మీరు చెయ్యాల్సిన పనేం లేదు, ఊరికే ఉంటే చాలు" అన్నారు అవతలి నుంచి, చాలా మర్యాదగా.

ఊరికే ఉంటే చాలట!

నేను పదమూడేళ్ళు 400 మీటర్లు పరుగెత్తాను. జాతీయ పోటీల్లో పతకాలున్నాయి. రిలే జట్టులో రెండుసార్లు దేశం తరఫున విదేశాలకు వెళ్ళాను. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో ఏడాదిపాటు ఉండి కోచింగ్ డిప్లొమా చేశాను. ఇరవై ఆరేళ్ళుగా కాలేజీ అమ్మాయిలకి పరుగు నేర్పుతున్నాను. ఆ జట్టులో వెళ్తున్న పన్నెండు మందిలో అయిదుగురు నా దగ్గర తయారైన వాళ్ళే. వాళ్ళ వెంట నేను వెళ్ళాలి, బ్యాగులకీ బాత్రూములకీ కాపలాగా. స్టాప్ వాచ్ మాత్రం సార్ చేతిలో ఉంటుంది. (ఆ సార్ మంచివారే. ఆయన షాట్‌పుట్ మనిషి. మలుపులో ఎలా వంగి పరుగెత్తాలో ఆయన్నడిగితే నా వైపే చూపిస్తారు.)

ఆ 'రూలు' ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. 2022 జూన్‌లో శిక్షణ కోసం విదేశానికి వెళ్ళిన ఒక మహిళా సైక్లిస్టు తన కోచ్ అనుచితంగా ప్రవర్తించాడని ఫిర్యాదు చేసింది. దేశమంతా గగ్గోలు పుట్టాక, భారత క్రీడా ప్రాధికార సంస్థ ఆదేశాలు ఇచ్చింది. మహిళా క్రీడాకారులున్న ఏ జట్టైనా ప్రయాణమైనప్పుడు వెంట ఒక మహిళా కోచ్ తప్పనిసరిగా ఉండాలన్నది. కోచ్ అనే అన్నది, ఎస్కార్ట్ అనలేదు. ఢిల్లీలో 'మహిళా కోచ్' అని బయల్దేరిన మాట మన జిల్లాలకి చేరేసరికి 'లేడీ ఎస్కార్ట్' అయింది. ఇంగ్లీషు మేడం అయినా సరే, హోమ్ సైన్స్ మేడం అయినా సరే, చీర కట్టుకున్న మనిషి ఒకరుంటే కాగితం మీద నిబంధన పూర్తయినట్టే. ఆడపిల్లలకి కాపలా కాయడానికి ఆడది కావాలి. నేర్పడానికి మాత్రం అక్కర్లేదు!

ఇందులో నా అహం దెబ్బతిన్న మాట నిజమే. కానీ విషయం నా అహానికి సంబంధించింది కాదు. ఇరవై ఆరేళ్ళలో నేను చూసిందీ, నేను చేసిన తప్పులూ చెబితే తప్ప అది అర్థం కాదు.

మాది ఒంగోలు దగ్గర పల్లె. మా అమ్మ పొగాకు గ్రేడింగ్ కంపెనీలో కూలికి వెళ్ళేది. నాకు పరుగు నేర్పింది హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఎండిపోయిన చెరువులో సున్నం గీతలు గీసి పరుగెత్తించేవారు. 1984లో లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉష సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్నప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆ మర్నాడు పేపరు మాస్టారు మాకు చదివి వినిపించారు. పతకం రాలేదన్న బాధ కంటే, ఆడపిల్ల పరుగు గురించి పేపర్లో అంత పెద్ద అక్షరాలు వేస్తారా అన్న ఆశ్చర్యమే నాకు గుర్తుంది. నాలాంటి వాళ్ళం ఒక తరం మొత్తం ఆ పేపరు ముక్క పట్టుకునే ట్రాక్ మీదకి వచ్చాం.

ఆ తరంలో మేమంతా ఏమయ్యాం? కొందరికి రైల్వేలో, పోలీసు శాఖలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలు వచ్చాయి. వాళ్ళ సంగతి కొంత నయం. ఎక్కువమందికి పెళ్ళిళ్ళయ్యాయి. నాతో రిలే పరుగెత్తిన ఒకావిడ ఇప్పుడు బట్టల షాపులో పనిచేస్తోంది. ఇంకొకావిడ దుబాయిలో ఇంటిపనికి వెళ్ళింది. వీళ్ళలో ఎవరిని లేపి అడిగినా 400 మీటర్లని ఎలా పంచుకుని పరుగెత్తాలో నిద్రలో కూడా చెబుతారు. ఆ విద్య ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. మాతోపాటు పరుగెత్తిన మగవాళ్ళలో కోచ్‌లైన వాళ్ళు మాత్రం నాకు చాలామంది తెలుసు.

నేను పరుగు మానేసి, డిప్లొమా పూర్తిచేసుకుని, జిల్లా కేంద్రంలోని ఒక మహిళా డిగ్రీ కాలేజీకి వెళ్ళాను. "కోచ్ అనే పోస్టు మన కాలేజీల్లో లేదమ్మా" అన్నారు ప్రిన్సిపాల్ గారు. నిజమే, లేదు. ఇప్పటికీ ఫిజికల్ డైరెక్టర్ పోస్టే ఉంది. దానికి వ్యాయామ విద్యలో పి.జి. డిగ్రీ కావాలి, ఆ పైన నెట్టో, పిహెచ్.డి.నో కావాలి. నాకున్నది మామూలు బి.ఏ., పాటియాలా డిప్లొమా. విద్యార్థినుల గేమ్స్ ఫీజులోంచి గంటకింతని ఇచ్చే 'పార్ట్ టైం కోచ్'గా చేరాను. సెలవులకి డబ్బు లేదు. పరీక్షల నెలలో డబ్బు లేదు. వానొస్తే గ్రౌండు లేదు కనక డబ్బు లేదు. పదకొండేళ్ళు అలా గడిచాయి. తర్వాత మరో కాలేజీలో కాంట్రాక్టు మీద తీసుకున్నారు, ఇప్పటికీ కాంట్రాక్టే. ఏటా జూన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి.

2018 నాటి యు.జి.సి. నిబంధనల్లో క్రీడాకారులకి ఒక ప్రత్యేక ద్వారం పెట్టారు. ఏషియన్ గేమ్స్‌లో గానీ కామన్వెల్త్ గేమ్స్‌లో గానీ పతకం సాధించి, పి.జి. చదివి ఉంటే ఈ ఉద్యోగానికి అర్హులట. బాగుంది! పద్నాలుగో ఏట నుంచి ఉదయం, సాయంత్రం గ్రౌండులో గడిపి, ఏషియన్ గేమ్స్ పతకం తెచ్చి, ఆ పైన ఎం.ఏ. కూడా పాసైన ఆడవాళ్ళు మన రాష్ట్రంలో ఎంతమంది ఉంటారో మీరే ఊహించండి. అదే నిబంధనల్లో ఇంకో ముచ్చట ఉంది. అభ్యర్థులకి దేహదారుఢ్య పరీక్ష పెట్టాలి. ముప్ఫై ఏళ్ళలోపు మగవాళ్ళు 12 నిమిషాల్లో 1800 మీటర్లు పూర్తి చెయ్యాలి. ఆడవాళ్ళకైతే 8 నిమిషాల్లో 1000 మీటర్లు చాలు. లెక్క కట్టి చూస్తే మగవాళ్ళ కంటే మనం నెమ్మదిగా వెళ్ళవచ్చునని మాత్రమే కాదు. మనం తక్కువ సేపు పరుగెత్తితే చాలునని కూడా! ఆడదాన్ని పన్నెండు నిమిషాలు పరుగెత్తిస్తే ఏమైపోతుందోనన్న భయం. ఈ భయం పాతదే. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ళకి 800 మీటర్లు పెట్టారు. తొమ్మిది మంది పరుగెత్తితే తొమ్మిది మందీ పూర్తి చేశారు. గీత దాటాక ఒకరిద్దరు అలసిపోయి కూలబడ్డారు. మగవాళ్ళు కూలబడరా? పత్రికలు మాత్రం ఆడవాళ్ళంతా కుప్పకూలిపోయారని రాశాయి. ఫలితం, 1960 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి 800 మీటర్లు లేదు. ముప్ఫై రెండేళ్ళు!

సరే, నా తప్పుల సంగతికి వస్తాను.

కాలేజీలో చేరిన కొత్తలో నేను అచ్చం నా కోచ్ లాగా ఉండేదాన్ని. కేకలు వేసేదాన్ని. జడలు కత్తిరించుకోమనేదాన్ని. వారం వారం అందరి ముందూ బరువు తూచేదాన్ని. "నేను మీ వయసులో ఇంత చేశాను, మీకేం రోగం?" అనేదాన్ని. ఆటలో పైకి వచ్చిన వాళ్ళకి ఇదొక జబ్బు. మనం ఎలా బతికి బయటపడ్డామో అదే శిక్షణా పద్ధతి అనుకుంటాం. నేను పరుగెత్తే రోజుల్లో ఒకసారి ఎనిమిది నెలలు నాకు బహిష్టు రాలేదు. మా కోచ్‌కి చెప్పలేదు, ఎలా చెబుతాను? శిబిరంలో పెద్దమ్మాయికి చెబితే, "మంచిదే కదే, ఒంట్లో కొవ్వంతా పోయిందన్నమాట, ఇప్పుడు బాగా పరుగెడతావు" అంది. నేను నిజంగానే సంతోషించాను. ఆ ఏడే నా కాలి ఎముకకి సన్న చీలిక వచ్చింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నాకు చెప్పిన వాళ్ళు లేరు. పడే కష్టానికి తగ్గ తిండి లేకపోతే శరీరం ముందు నెలసరిని ఆపేస్తుంది, తర్వాత ఎముకల్ని గుల్ల చేస్తుంది. ఇప్పుడు దీనికి వైద్యులు పేరు కూడా పెట్టారు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీని మీద ప్రకటన చేసింది.

నాకు మాత్రం ఇది నేర్పింది ఒక డిగ్రీ రెండో ఏడాది అమ్మాయి. పేరు అనవసరం. 800 మీటర్లు పరుగెత్తేది. మొదటి మూడు నెలలూ గుర్రంలా పరుగెత్తిన పిల్ల, తర్వాత రెండో చుట్టులో కాళ్ళీడ్చడం మొదలుపెట్టింది. బద్ధకం అన్నాను. ప్రేమ వ్యవహారం అని కూడా అన్నాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఒకరోజు గ్రౌండులోనే కళ్ళు తిరిగి పడిపోయింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే రక్తం 7 గ్రాములుంది. ఉదయం ఆరింటికి గ్రౌండుకి వచ్చే పిల్ల హాస్టల్లో టిఫిను అందక ఖాళీ కడుపుతో క్లాసుకి వెళ్తోంది. మధ్యాహ్నం చారన్నం తింటోంది. అది నేనెప్పుడూ అడగలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే గ్రౌండులోకి వచ్చే ప్రతి ఇద్దరమ్మాయిల్లో ఒకరు సగం పెట్రోలుతో బండి నడుపుతున్నట్టే. మన దగ్గర కోచింగ్ మొదలవ్వాల్సింది స్టాప్ వాచ్‌తో కాదు, రక్తపరీక్షతో. ఆ తర్వాత ఏటా జూలైలో అందరికీ పరీక్ష చేయించడం మొదలుపెట్టాను. ఐరన్ మాత్రలు, గుప్పెడు వేరుశనగపప్పు, బెల్లం. బెల్లానికి డబ్బు ఏ పద్దు కింద రాయాలని కాలేజీ గుమస్తా నన్ను ఆర్నెల్లు తిప్పాడు. చివరికి 'మైదాన నిర్వహణ' కింద రాశాం.

నెలసరి తేదీలు ఒక పుస్తకంలో రాసుకోమంటాను. వాళ్ళు నాకు చెబుతారు. కటిక నొప్పితో ఉన్న రోజు తేలిక పని ఇస్తాను, పరుగెత్తగలనంటే పరుగెత్తిస్తాను. ఇదేమీ గొప్ప విజ్ఞానం కాదు. మగ కోచ్ కూడా చదువుకుని తెలుసుకోవచ్చు, తెలుసుకోవాలి కూడా. కానీ మన ఊళ్ళలో పద్దెనిమిదేళ్ళ పిల్ల నలభై ఏళ్ళ సార్‌కి ఈ సంగతి చెబుతుందా? చెప్పదు. కడుపు నొప్పి అంటుంది, జ్వరం అంటుంది, చివరికి రావడం మానేస్తుంది. సార్ రికార్డులో 'ఆసక్తి లేదు' అని రాస్తాడు.

రెండో తప్పు ఇంతకంటే పెద్దది. రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

ఒక శిక్షణ శిబిరానికి నా దగ్గరి నుంచి ఒకమ్మాయి ఎంపికైంది. రెండు వారాల తర్వాత ఫోన్ చేసింది. తొడ కండరం పట్టేసిందంటే అక్కడి కోచ్ తానే మసాజ్ చేస్తానంటున్నాడనీ, గది తలుపు వేస్తున్నాడనీ, తనకి బాగోలేదనీ చెప్పింది. బాగోలేదు అన్న మాటకి అర్థం నాకు తెలియదా? నేనూ శిబిరాల్లో పెరిగిన దాన్నే. అయినా నేను అన్నదేమిటో తెలుసా? "ఇంకో పది రోజుల్లో సెలెక్షన్ అయిపోతుంది తల్లీ, ఎలాగో ఓర్చుకో, ఒంటరిగా వెళ్ళకు. ఆ తర్వాత చూద్దాం."

ఆమె ఓర్చుకోలేదు. మర్నాడే పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేసింది. మళ్ళీ ట్రాక్ ఎక్కలేదు. నాలుగు నెలలకి పెళ్ళి చేశారు. పెళ్ళికి నన్ను పిలిచారు, వెళ్ళాను. పెళ్ళిపీటల మీద నుంచి నా వైపు చూసిన చూపులో కోపం లేదు. అదే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

నేనెందుకు అలా అన్నాను? గంటకింత లెక్కన జీతం తీసుకునే మనిషిని, ఎవరి మీదనైనా నోరెత్తితే వచ్చే జూన్‌లో నా దరఖాస్తు ఏమవుతుందో నాకు తెలుసు కనక. ఆ అమ్మాయికి రక్షణ లేకపోవడానికీ, నాకు ఉద్యోగ భద్రత లేకపోవడానికీ మధ్య దారం అంత సూటిగా ఉంది. అందుకే 'మహిళా కోచ్‌ని పెడితే అమ్మాయిలకి భద్రత' అని ఎవరైనా సులువుగా అంటే నాకు నమ్మకం కుదరదు. పై అధికారి దయ మీద బతికే మహిళా కోచ్ ఇంకొక మౌన సాక్షి అవుతుంది, అంతే. కోచ్‌లకి కూడా అదే గతి పట్టొచ్చు. 2022 చివర్లో హర్యానాలో ఒక జూనియర్ అథ్లెటిక్స్ కోచ్, తానూ క్రీడాకారిణే, రాష్ట్ర క్రీడల మంత్రి మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు చేసింది. ఆయన ఆరోపణల్ని ఖండించారు. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. కానీ ఫిర్యాదు చేశాక ఆమె మీద ఎంత బురద చల్లారో టీవీలు చూసిన వాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది.

ఇక్కడ మన సంఘాల మిత్రులకి ఒక మాట. 2013 నాటి పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం మీద మనం ఎన్నో శిక్షణలు ఇచ్చాం. ఆఫీసులకి వెళ్ళాం, ఫ్యాక్టరీలకి వెళ్ళాం. ఆ చట్టంలో 'పని ప్రదేశం' అన్న నిర్వచనం మరోసారి తీసి చదవండి. స్టేడియం, క్రీడా శిక్షణ సంస్థ, పోటీలు జరిగే మైదానం అన్నీ అందులో పేరు పెట్టి రాసి ఉన్నాయి. బాధితురాలు అక్కడ ఉద్యోగి కానక్కర్లేదని కూడా ఉంది. ఫిర్యాదుకి మూడు నెలల గడువు, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలైతే పోక్సో చట్టం ఉండనే ఉంది. ఇంత ఉండి, మన జిల్లా స్టేడియంలో అంతర్గత కమిటీ ఉందా అని మనలో ఎంతమందిమి అడిగాం? 2023లో మల్లయోధులు జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నాక గానీ, ఎన్నో జాతీయ క్రీడా సమాఖ్యల్లో అసలు సరైన కమిటీలే లేవన్న సంగతి బయటపడలేదు. ఆ ఏడు మే నెలలో జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులు ఇవ్వాల్సి వచ్చింది. ఢిల్లీ సమాఖ్యల పరిస్థితే అలా ఉంటే మండల స్థాయి గ్రౌండు సంగతి చెప్పాలా!

కమిటీలో బయటి సభ్యురాలిగా స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరుండాలని చట్టం చెబుతోంది. ఆ కుర్చీ మనది. కానీ మన సంఘాల్లో ఆటలంటే ఒక చిన్నచూపు ఉంది, ఆ మాట కూడా అనాలి. నిత్యావసరాలు, భూమి, హింస, సారా, వీటి ముందు పరుగు పందెం ఏపాటిదన్న భావన. నేనొకసారి మీటింగులో ఈ విషయం ఎత్తితే, "అది చదువుకునే పిల్లల సరదా కదండీ" అన్నారు ఒక పెద్దావిడ. నా దగ్గరికి వచ్చే పిల్లలెవరో ఆవిడకి తెలియదు. కూలి వాళ్ళ పిల్లలు, హాస్టల్ పిల్లలు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వస్తే తప్ప గడవని ఇళ్ళవాళ్ళు. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం గెలిచింది. విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయింది, 2023లో ఒకసారి, 2025లో మళ్ళీ. మన గురుకులాల నుంచి, చిన్న ఊళ్ళ నుంచి ఇలాంటి పిల్లలు వస్తున్నారు. వాళ్ళ వెనక ఉన్న కోచ్‌లని తక్కువ చెయ్యను. దీప్తికి నేర్పిన నాగపురి రమేశ్ గారు 2016లో ద్రోణాచార్య అవార్డు అందుకున్న మనిషి. కానీ ఈ పిల్లలు రేపు పరుగు ఆపేశాక ఎక్కడికి వెళ్తారు? వాళ్ళకి తెలిసిన విద్యని ఎవరి చేతిలో పెడతారు?

ఆడవాళ్ళు కోచ్‌లు కాలేరనడానికి వీల్లేదు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో 400 మీటర్ల స్వర్ణం గెలిచిన కమల్‌జీత్ సంధూ తర్వాత కోచ్ అయ్యారు. ఉష గారు 2002లో కేరళలో సొంతంగా బడి పెట్టి, టింటూ లూకాని తయారుచేశారు. టింటూ 2010లో 800 మీటర్లు 1 నిమిషం 59.17 సెకన్లలో పరుగెత్తి జాతీయ రికార్డు సృష్టించింది. అయితే ఉష అంత పేరుంటే గానీ ఆడది సొంత గ్రౌండు సంపాదించలేదన్న సంగతి కూడా అందులోనే ఉంది.

మరొకరు శాంతి సౌందరరాజన్. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా, ఇటుకబట్టీలో పనిచేసే దళిత కుటుంబం. 2006 దోహా ఏషియన్ గేమ్స్‌లో 800 మీటర్లలో రజతం గెలిచింది. లింగ పరీక్ష చేసి, 'ఆడది కాదు' అన్నట్టుగా లోకానికి చాటి, పతకం వెనక్కి తీసుకున్నారు. ఆమె చేసిన మోసం ఏమీ లేదు. పుట్టిన శరీరంతో పరుగెత్తింది. చివరికి ఆమె కూడా ఇటుకబట్టీలో కూలికి వెళ్ళాల్సి వచ్చింది. ఆ తర్వాత కోచింగ్ డిప్లొమా చేసి, తమిళనాడు ప్రభుత్వంలో కోచ్‌గా నిలబడింది. ఈ కథ నేను మా పిల్లలకి చెబుతాను. ఎందుకంటే 2025 సెప్టెంబరు నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ, మహిళల విభాగంలో అంతర్జాతీయ పోటీలకి వెళ్ళాలంటే జన్యు పరీక్ష తప్పనిసరి చేసింది. రేపు మా పిల్లల్లో ఒకరికి అలాంటి ఉత్తరం వస్తే, ఆ కాగితం ఆమె చేతిలో పెట్టి పక్కన కూర్చునే మనిషి ఎవరు? ఎస్కార్టా?

అమెరికాలో ఏం జరిగిందో చూస్తే మనకి హెచ్చరిక దొరుకుతుంది. 1972లో అక్కడ 'టైటిల్ నైన్' చట్టం వచ్చింది. విద్యాసంస్థల్లో ఆడపిల్లల పట్ల వివక్ష చూపకూడదన్నది. కాలేజీల్లో అమ్మాయిల జట్లు, వాళ్ళ స్కాలర్‌షిప్పులు విపరీతంగా పెరిగాయి. గొప్ప విజయం. కానీ ఆ చట్టానికి ముందు అమ్మాయిల జట్లలో 90 శాతానికి పైగా కోచ్‌లు ఆడవాళ్ళే. తర్వాత అది 40 శాతం పైచిలుకు దగ్గరికి పడిపోయింది. ఎందుకంటే డబ్బు, గౌరవం, జీతం రాగానే ఆ ఉద్యోగాలకి మగవాళ్ళు వచ్చారు. ఎంపిక చేసేదీ వాళ్ళే. టోక్యో ఒలింపిక్స్‌లో పాల్గొన్న కోచ్‌లలో ఆడవాళ్ళు 13 శాతమే. పారిస్ ఒలింపిక్స్‌లో ఆడ, మగ క్రీడాకారులకి సమానంగా స్థానాలిచ్చారని మనం సంబరపడ్డాం. కోచ్‌ల సంఖ్యలో సమానత్వం దరిదాపుల్లో కూడా లేదు. అంటే అమ్మాయిలకి ఆడే హక్కు ఇచ్చినంత మాత్రాన నేర్పే హక్కు దానంతటది రాదు. దాని కోసం విడిగా పోట్లాడాలి.

అక్కడా కొన్ని తలుపులు తెరుచుకుంటున్నాయి. కేరిల్ స్మిత్ గిల్బర్ట్ అని ఒకప్పటి స్ప్రింటర్, 2021లో జార్జియా విశ్వవిద్యాలయంలో మహిళల జట్టుకే కాదు, పురుషుల జట్టుకి కూడా అధిపతి అయింది. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. రెండేళ్ళ కిందట పక్క జూనియర్ కాలేజీ నుంచి ఇద్దరు మగపిల్లలు వచ్చి, "మేడం, మాకూ చెప్పండి" అన్నారు. చెప్పాను. వాళ్ళలో ఒకడు జిల్లా మొదటి స్థానం తెచ్చాడు. పేపర్లో కోచ్ పేరు వాళ్ళ పి.ఇ.టి. గారిది పడింది. ఆ పిల్లవాడు మిఠాయి పట్టుకుని మా ఇంటికి వచ్చి ఏడ్చాడు. "పోనీలేరా, టైము నీది కదా" అన్నాను గానీ లోపల కాలింది.

నేను కోరేది పెద్దదేమీ కాదు. కాలేజీల్లో కోచ్ అనే పోస్టు పెట్టండి. పాటియాలా డిప్లొమాకీ, జాతీయ స్థాయిలో పరుగెత్తిన అనుభవానికీ ఎం.పి.ఎడ్.తో సమానమైన విలువ ఇవ్వండి. చదువు తక్కువని వెనక్కి పంపే బదులు ఉద్యోగంలో ఉండి చదువుకునే వీలు కల్పించండి. మహిళా కోచ్‌లని కాంట్రాక్టు గొడుగు కింద నిలబెట్టకండి. జట్టు వెంట మహిళా కోచ్ వెళ్ళాలన్న ఆదేశం ఉంటే, వెళ్ళే మనిషికి ఆట తెలిసి ఉండాలని అడగండి. ఇక గ్రౌండు పక్కన తలుపు ఉన్న మరుగుదొడ్డి, లోపల నీళ్ళు. ఇది కూడా రాయాల్సి రావడం... మా పిల్లలు బట్టలు మార్చుకోవడానికి ఇప్పటికీ ఇద్దరు చున్నీ పట్టుకుని నిలబడతారు.

ఆ యూనివర్సిటీ వాళ్ళకి నేను ఫోన్లో జవాబు చెప్పలేదు. ఉత్తరం రాశాను. ఎస్కార్ట్‌గా రాలేననీ, జట్టు జాబితాలో స్ప్రింట్స్, రిలే కోచ్ అని నా పేరు వేస్తే వస్తాననీ, నా టి.ఏ., డి.ఏ. సార్‌కి ఇచ్చినంతే ఇవ్వాలనీ రాశాను. ప్రయాణంలో ఫిర్యాదు వస్తే ఎవరికి ఇవ్వాలో ఆ కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు అమ్మాయిలందరికీ ముందే కాగితం మీద ఇవ్వాలని కూడా రాశాను. ఆ ఉత్తరం నకలు మన జిల్లా మహిళా సంఘానికి పంపాను. వాళ్ళు ఆదివారం గ్రౌండుకి వస్తామన్నారు.

పన్నెండు రోజులైంది, జవాబు లేదు. పోటీలకి ఇంకా మూడు వారాలుంది. ఉదయం అయిదున్నరకి తొమ్మిది మంది వస్తున్నారు, రిలేలో రెండో మార్పు దగ్గర బ్యాటన్ ఇంకా జారుతోంది. గీతలకి సున్నం కూడా అయిపోవచ్చింది, రేపు ఒక బస్తా తెప్పించాలి.